కొంగుముడి డిఫరెన్షియల్

23 రోజులైంది. ఇంజను సంగతి నిన్నటిదాకా తేలలేదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నాకో రేకుల షెడ్డుంది. రెండు లేతులు, ఒక మిల్లింగు, ఒక డ్రిల్లింగు, నెలకోసారి అలిగి కూర్చునే ఒక హాబింగ్ మిషను. వీటికి తోడు ఇప్పుడు ఆరుగురు ఇంజనీరింగు పిల్లలు. మా చెల్లెలి కొడుకు ఒక సాయంత్రం వచ్చి, "మామా, రేసు కారు చేస్తున్నం. ఒక్క స్ప్రాకెట్ కోసిస్తవా?" అన్నాడు. ఒక్కటే కదా అని సరేనన్నాను. పురాణాల్లో మేనమామలకి అంత చెడ్డపేరు ఎందుకొచ్చిందో నాకిప్పుడు అర్థమవుతోంది. కంసుడికి కూడా మొదట్లో చిన్న షెడ్డేదో ఉండి ఉంటుంది.

"ఎన్ని పళ్లు?" అని అడిగాను. స్ప్రాకెట్ కోసేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పళ్లు తేలాలంటే గేరు నిష్పత్తి తేలాలట, అది తేలాలంటే చక్రం సైజు తేలాలట, అన్నిటికంటే ముందు ఇంజను తేలాలట. ఆ రోజు నుంచి నేను టీ తాగే స్టూలు మీద లాప్‌టాప్ కూర్చుంది. నేను నిలబడి తాగుతున్నాను.

పిల్లల్లో రెండు పార్టీలున్నాయి. ఒకటి సింగిల్ సిలిండర్ పార్టీ, రెండోది ఫోర్ సిలిండర్ పార్టీ. మావాడు ఏ పార్టీయో వాడికే తెలియదు. పొద్దున సింగిల్‌గా వచ్చి సాయంత్రానికి ఫోర్ అయి పోతుంటాడు. మన రాజకీయాల్లో బాగా పైకొస్తాడు.

తగువు తీర్చే పెద్దమనిషిలా నేనో మాట అన్నాను. "ఇస్నాపూర్ దగ్గర తెలిసినవాడి స్క్రాపు దుకాణంలో మారుతీ 800 ఇంజను పడుంది. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, యాక్సిళ్లు, అన్నీ దాంతోనే వస్తాయి. బిగించి నడపండి." ఆరుగురూ జాలిగా చూశారు. మారుతీ 796 సీసీ అట, పోటీ హద్దు 710 అట. మరి నానో? అది 624, హద్దులోనే ఉంది. "రూల్ ప్రకారం పెట్టొచ్చు అంకుల్," అన్నాడు ఫోర్ పార్టీ నాయకుడు. పెట్టొచ్చు అన్న మాటని అంత చిన్నబుచ్చుతూ పలకవచ్చని నాకప్పటిదాకా తెలియదు.

ఈ పోటీ ఈనాటిది కాదు. 1980ల్లో అమెరికాలో ఫార్ములా ఎస్ఏఈ పేరుతో మొదలైన, ఇంజనీరింగు పిల్లలు సొంతంగా రేసు కారు చేసి పోటీపడే ఆట ఇది. మన దగ్గర 2011లో సుప్రా ఎస్ఏఈ ఇండియాగా వచ్చింది. ఫార్ములా భారత్ అని ఇంకోటి కోయంబత్తూరు కరి ట్రాక్ మీద జరుగుతుంది. ఇందులో అన్నిటికంటే కుళ్లు రూలు ఏదంటే, ఇంజను పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల బెజ్జంలోంచే పోవాలి. ఎంత పెద్ద ఇంజను పెట్టినా సెకనుకి దాదాపు 75 గ్రాముల గాలి. అంతకు మించి ఒక్క గ్రాము కూడా పోదు, ఎందుకంటే ఆ ఇరుకులో గాలి వేగం శబ్దవేగం దగ్గర ఆగిపోతుంది. నూరు గుర్రాలు దాటిన 600 సీసీ బైకు ఇంజను కొనుక్కొచ్చి దాని ముక్కులో దూది పెట్టడమన్నమాట.

సింగిల్ పార్టీ వాదనంతా ఈ బెజ్జం చుట్టూనే తిరుగుతుంది. పాత కేటీఎం 390 ఇంజను 373 సీసీ, 43 గుర్రాల మాట. దానికి ఈ బెజ్జం పెద్దగా అడ్డు రాదు, బరువూ తక్కువ, మన దేశంలోనే, చకన్‌లో తయారైంది కాబట్టి స్పేర్లూ దొరుకుతాయి. ఫోర్ పార్టీ ఊరుకుంటుందా? సింగిల్ రెండు చుట్లకోసారి ఒక్క గుక్కే తాగుతుంది, ఆ గుక్క మధ్యలో గొంతు పట్టుకోకుండా బెజ్జానికీ ఇంజనుకీ మధ్య పెద్ద గాలితిత్తి కట్టాలి, అది ఎంతుండాలో ఎవడు లెక్కగడతాడు, అంటుంది. ఇక్కడ లాప్‌టాప్ తెరుచుకుంటుంది. టీ చల్లారుతుంది.

ఒక్క విషయంలో మాత్రం రెండు పార్టీలకీ ఒకటే భయం. బైకు మలుపులో వాలుతుంది, దాంతోపాటు ఇంజనూ వాలుతుంది, ఆయిలు అడుగునే ఉంటుంది. కారు వాలదు. అదే ఇంజను కార్లో నిటారుగా కూర్చుంటే మలుపులో ఆయిలంతా ఒక గోడకెక్కుతుంది, పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు ఎండుతాయి. బంతి భోజనానికి ఆటోలో సాంబారు బకెట్టు తీసుకెళ్లినవాడెవడికైనా ఈ శాస్త్రం తెలుసు. అడుగున అడ్డపలకలు వెయ్యాలి. వెయ్యాల్సింది ఎవరో మీరు ఊహించగలరు.

అసలు నాకు మండేదేమిటంటే, ఈ బొంబాయి రోడ్డు మీద లేని చక్రం లేదు. ఇటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ టర్బైన్లు చేస్తుంది. అటు సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్లు. ఇంకా పోతే జహీరాబాదులో ట్రాక్టర్లు. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ లారీలు బయల్దేరిందీ అక్కడినుంచే. ఎద్దుమైలారంలో 1984లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఫ్యాక్టరీలో నీళ్లలో కూడా ఈదే 300 గుర్రాల యుద్ధవాహనాలు తయారవుతాయి. పెట్రోలు వద్దంటే ఇథనాల్ కోసం తీపిజొన్న మీద పనిచేసిన ఇక్రిశాట్ మా ఇంటి వెనకే. ఇన్నిటి నడుమ మా ఆరుగురు ఓఎల్‌ఎక్స్‌లో యాక్సిడెంటు బైకు వెతుకుతూ కూర్చున్నారు.

సరే, ఇంజను నుంచి చక్రాలకి బలం ఎలా పంపాలన్నది రెండో యుద్ధం. బైకు ఇంజనులో గేర్లు దాంట్లోనే ఉంటాయి కాబట్టి బయట చైను, వెనక స్ప్రాకెట్, దాని నడుమ డిఫరెన్షియల్. ఈ డిఫరెన్షియల్ ఎందుకని మా ఆవిడ అడగడం నా ఖర్మ. షెడ్డుకి అన్నం తెచ్చి, పిల్లలు అరుచుకోవడం విని అడిగింది. నేను గురువులా గొంతు సవరించుకున్నాను.

"మనం రుద్రారం గణేశ్‌గడ్డలో ప్రదక్షిణలు చేస్తాం కదా. నేను లోపలివైపు నడుస్తాను, నువ్వు బయటివైపు. నువ్వు ఎక్కువ నడుస్తావు. మలుపులో బయటి చక్రం కూడా అంతే, ఎక్కువ తిరగాలి."

"నువ్వెందుకు లోపల నడుస్తవ్?"

దీనికి నిజమైన జవాబు ఏమిటంటే, ఎండాకాలం గోడ వారగా నీడ ఉంటుంది, పీచు పట్టా పరిచి ఉంటుంది. ఆ జవాబు నేను చెప్పలేదు. కానీ ఈ ఇంజనీరింగు పిల్లలున్నారే, ప్రశ్న గాల్లో ఉంటే ఊరుకోరు. "అంకుల్, మీ ఇద్దరి మధ్య దూరమెంత?" అన్నాడొకడు. రెండడుగులు, అంటే 0.6 మీటరు. దాన్ని రెండు పైలతో హెచ్చించాడు. ఒక్క చుట్టుకి ఆవిడ నాకంటే 3.77 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. "గుడి చిన్నదా పెద్దదా చెప్పలే గదరా," అంటే, గుడి సైజుతో పనిలేదట. రుద్రారం గుడైనా, తిరుమల మాడవీధులైనా, భూగోళం మొత్తమైనా చుట్టుకి అదే 3.77. నేను నమ్మలేదు. రాత్రి ఇంటికెళ్లి కాగితం మీద వేసుకున్నాను. నిజమే.

వాడు అక్కడితో ఆగినా బాగుండేది. "ఎన్ని చుట్లు ఆంటీ?" పదకొండు. "ఎన్నిసార్లు?" ప్రతి సంకటహర చతుర్థికి. "ఎన్నేళ్లుగా?" 26. లాప్‌టాప్ మీద టకటకలాడించి, సుమారు 13 కిలోమీటర్లు అన్నాడు. పోటీలో ఎండ్యూరెన్స్ రేసే 22 కిలోమీటర్లు. అంటే పెళ్లయినప్పటినుంచీ మా ఆవిడ నా కోసమని అందులో సగానికి పైగా అదనంగా నడిచింది. రేసులో సగం దాకా వచ్చాక డ్రైవరు మారాలని రూలుంది. ఇక్కడ ఆ సదుపాయం కూడా లేదు.

అన్నం డబ్బా మూత పెట్టిన చప్పుడు లేతు చప్పుడు కంటే గట్టిగా వినిపించింది.

ఇక పిల్లలకి ఊపొచ్చింది. డిఫరెన్షియల్ లేకుండా రెండు చక్రాల్నీ ఒకే కడ్డీకి బిగిస్తే? దాన్ని స్పూల్ అంటారు. తేలిక, చవక, విరిగేది ఏమీ లేదు. కానీ అది కొంగుముడి. షెడ్డు పూజనాడు పంతులుగారు మా ఇద్దరికీ కొంగుముడి వేసి హోమం చుట్టూ తిరగమన్నారు. బిగించి వేశాడు మహానుభావుడు. మలుపు దగ్గర నేను తొందరగా తిరిగాను, ఆవిడ తిరగలేకపోయింది, కండువా పర్రుమంది. చక్రమైతే చిరగదు, ఈడ్చుకుపోతుంది. కారు తిరగనని మొండికేసి తిన్నగా పోతుంది. ముడే లేకపోతే అది ఓపెన్ డిఫరెన్షియల్, మారుతీలో ఉండేది. దాని గుణం వేరు. ఒక చక్రం జారితే అది ఊరికే గిర్రున తిరుగుతుంది, రెండోదానికి నేల మీద పట్టున్నా కదలదు. ఇంట్లో పనికిమాలిన కొడుకొకడుంటే సంపాదనంతా వాడికే పోయి, పనిచేసేవాడు చేతులు కట్టుకు నిలబడ్డట్టు. మరి మూడోది? ముడి ఉంటుంది కానీ కాస్త వదులుగా ఉంటుంది. మలుపులో సడలుతుంది, జారినప్పుడు బిగుస్తుంది. లిమిటెడ్ స్లిప్ అంటారు. డ్రెక్స్‌లర్ అని జర్మనీవాళ్లు ఈ పోటీల కోసమే చేస్తారు. లక్షల్లో మాట.

"గసొంటి ముడి వేసే పంతులు మనకు దొరకలే," అంది మా ఆవిడ. రెండు పార్టీలూ ఏకగ్రీవంగా నవ్వింది ఆ ఒక్క రోజే.

చైనుకి కవచం సంగతి చెప్పి మీ ప్రాణం తియ్యను. ఒక రూలు పుస్తకంలో స్టీలు రేకు 2 మిల్లీమీటర్లుంటే చాలు, అమెరికా పుస్తకంలో 2.66. అది అక్కడి 12 గేజి రేకు. పటాన్‌చెరులో 2.66 రేకు అడిగితే దుకాణదారుడు నా ఆరోగ్యం గురించి అడిగాడు. 3 ఎంఎం తెచ్చి వంచాను. బరువు పెరిగిందని సింగిల్ పార్టీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

దీనికంతటికీ డబ్బెవరిస్తారన్న సందేహం మీకు రావాలి. నాకు మొదటి రోజే వచ్చింది. కాలేజీ వాళ్లు బిల్లులు పెట్టమన్నారట. బిల్లుల మీద నాకున్న నమ్మకం గురించి ఓ మాట. చిన్న పరిశ్రమకి 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006లో చట్టం వచ్చింది. మంచి చట్టం. దాని ప్రతి ఒకటి ఫ్రేము కట్టించి షెడ్డులో పెట్టుకున్నాను, లక్ష్మీదేవి పటం పక్కనే. ఇద్దరికీ రోజూ అగరొత్తులు వెలిగిస్తాను.

మొన్న రాత్రి మిగతావాళ్లు వెళ్లిపోయాక మావాడొక్కడే ఉన్నాడు. స్ప్రాకెట్ బిగించే హబ్ తిప్పుతున్నాను, ఈఎన్-24 ముక్క. వాడు చాలాసేపు చూసి, "మామా, నువ్వు చేసిన పార్ట్ యాడన్న తిరుగుతుంటే చూసినవా ఎప్పుడన్న?" అన్నాడు.

చిప్పు కత్తిరించుకుంటూ ఆలోచించాను. చూడలేదు. మాకు వచ్చేది డ్రాయింగు. మూల మీద ఒక నంబరు ఉంటుంది, పేరు ఉండదు. బుష్షులు, ఫ్లాంజీలు, పిన్నులు, కొలత సరిపోతే గోనెసంచిలో కట్టి పంపిస్తాం, సరిపోకపోతే వెనక్కొస్తాయి. నా చేతి కింద నుంచి ఎన్ని వేల ముక్కలు పోయాయో లెక్కలేదు. అవి పంపులోకెళ్లాయా, ట్రాక్టరులోకెళ్లాయా, ఓడెక్కి వెళ్లాయా తెలియదు. వెనక్కొచ్చినవే నాకు గుర్తున్నాయి.

"లే," అన్నాను. వాడు ఇంకేం అడగలేదు. హబ్ చేతిలోకి తీసుకుని, వేడిగా ఉందని మళ్లీ బల్ల మీద పెట్టాడు.

ఇంజను నిన్న వచ్చింది. 390యే. సింగిల్ పార్టీ గెలిచిందనుకోకండి. ఫోర్ సిలిండర్ ఇంజను ధర విని ఫోర్ పార్టీ రద్దయింది. వైరింగూ, ఈసీయూ, ట్యాంకులోని పంపూ అన్నీ కలిపి బేరమాడుకొచ్చారు. మరి రేపు డిజైన్ జడ్జి "ఈ ఇంజనే ఎందుకు?" అని అడిగితే ఏం చెబుతారన్నాను. 40 పేజీల రిపోర్టు రాస్తారట, అందులో ధర మాట తప్ప అన్నీ ఉంటాయట. డిఫరెన్షియల్ ఈ ఏటికి మారుతీదే, ఓపెన్. ముడి సంగతి వచ్చే ఏడు చూసుకుంటారు.

పళ్లు మాత్రం ఇంకా తేలలేదు. 38 అని ఒకడు, 42 అని ఒకడు, బైకుకి కంపెనీ ఇచ్చినట్టే 45 ఉంచుదామని మావాడు. విసుగొచ్చి మూడూ కోసేద్దామనుకుంటున్నాను, ప్లేటు కొనాలి. కాబట్టి ఇది చదువుతున్నవారిలో పెద్ద కంపెనీ కొనుగోలు విభాగంలో పనిచేసేవారెవరైనా ఉంటే, అయ్యా, మార్చిలో మీకు పంపిన 240 బుష్షుల బిల్లు మీ బల్ల మీద ఎడమవైపు దొంతరలో ఉంది. ఒక్క సంతకం పెట్టండి.