ఏకగ్రీవంగా ఆమోదించడమైనది

మీటింగు సమర్థంగా నడపడమెట్లా అని నేర్పే శిక్షణలకు ఈ మధ్య గిరాకీ పెరిగింది. పెరగదా మరి! 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను పంచినప్పుడు జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి తలా ఒక కలెక్టరేట్ వచ్చింది. 2019లో ములుగూ వేరుపడింది. ఒక్కచోట జరిగే సమీక్ష ఇప్పుడు ఆరుచోట్ల జరుగుతోంది. పాలన గడప దాకా వచ్చిందో లేదో గానీ, మీటింగు మాత్రం వచ్చి అరుగు మీద కూర్చుంది.

పదిన్నరకని పిలుస్తారు. పెద్దసారు పన్నెండుకు దిగుతారు. అంతదాకా మైకు పరీక్షే ఎజెండా. తర్వాత బొకేలు, శాలువాలు. వేదిక మీద కుర్చీ దక్కనాయన ప్రొటోకాల్ అంటూ అలిగితే బతిమాలడానికి ఇంకో అరగంట. తీరా బిల్లుల సంగతి ఎత్తితే సంబంధిత అధికారి రాలేదని తేలుతుంది. ఆయన బదులు వచ్చినాయన ‘నోట్ చేసుకున్నాం’ అంటాడు. ఆ నోట్‌బుక్కును ఒక్కసారి కళ్లారా చూడాలని నాకు ఎన్నాళ్ల కోరికో.

2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది. కాగితం మీద ఏ లోటూ ఉండదు. ఊరు సభకు రాకపోతే మినిట్స్ బుక్కే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్న ముక్క ముందే రాసి ఉంటుంది. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డుల, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివినప్పుడు మాత్రం జనం విరగబడ్డారు. ‘నా పేరేది సారూ?’ అని చాలా ఊళ్లలో నిలదీశారు. ఆ నాలుగు రోజులూ కోరం ఇబ్బంది రాలేదు, బందోబస్తు ఇబ్బందే.

ఇంతకీ ఈ శిక్షణ ఎవరికయ్యా అంటే, మహిళా సంఘాల అక్కలకు! డ్వాక్రా కాలం నుంచి జంబుఖానా పరుచుకుని కూర్చుంటున్నవాళ్లకు! సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, వేళకు కిస్తీ, పుస్తకాల లెక్క అనే పంచసూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లకు!

మానుకోట పక్క ఊళ్లో ఓ సంఘం మీటింగు చూడండి. పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పొదుపు పైసలు, పక్కన పుస్తకం.

“మిర్చి ఎనుమాములకు తోలినం వదినె, పైసలింక చేతికి రాలే.”

“మేడారం పోనీకె జీపు మాట్లాడుకుంటివి గదా, కిస్తీకే రాలేదా?”

అందరూ నవ్వారు. ఆమె కొంగుముడి విప్పి సగం కట్టింది, మిగతాది వచ్చే నెలకని పుస్తకంలో ఎక్కింది. రాసింది పైకి చదివాకే సంతకాలు. అరగంటలో లేచారు. ఒకరి కిస్తీ ఆగితే బ్యాంకు అందరి లోన్లూ ఆపుతుంది గనుక, అక్కడ ఎవరూ ఫోను చూసుకోరు. మన వేదికల మీద పోయేదల్లా ప్రజాధనమే. కునుకు పట్టక చస్తుందా?

ఈ అక్కలనే జిల్లా సమీక్షలకు పిలిచి సార్లకు శిక్షణ ఇప్పించమని ఒక అధికారికి చెప్పి చూశాను. ఆలస్యమైతే సంఘాల్లో లాగే సొంత జేబులోంచి జరిమానా కట్టించాలన్నాను. ఆలోచన బాగుందన్నారు. జరిమానా ఏ పద్దులో జమ కట్టాలో జీవో లేదట. జీవో కోసం పైవాళ్లు మీటింగు పెట్టాలట.