దారం లేని పదో తరగతి

మా రోజుల్లో పదో తరగతి పబ్లిక్ పరీక్షంటే 11 పేపర్లు, 600 మార్కులు, మూరెడు దారం. పరీక్ష మొదలై గంట కాకముందే వెనక బెంచీలోంచి "సార్, అడిషనల్!" అని కేక వినపడేది. అంతే, హాలంతా గుండెదడ. వాడేం రాస్తున్నాడో ఎవరికీ తెలీదు, మనకంటే ఎక్కువ రాస్తున్నాడు, అదీ బాధ. వెంటనే మన అక్షరాలు లావెక్కేవి. పంక్తికి ఆరు మాటలు పట్టే చోట మూడే పట్టేవి. మనమూ చెయ్యెత్తాలిగా! ఆఖరి గంట కొట్టాక అసలు పరీక్ష. చెమట పట్టిన చేతులతో షీట్లన్నీ వరసగా పేర్చి, బిట్ పేపర్ కూడా కలిపి, బెజ్జంలో దారం దూర్చి ముడెయ్యాలి. ఈలోగా ఇన్విజిలేటర్ లాగేసుకుంటూ ఉంటాడు. సోషల్‌లో నాకొచ్చిన మార్కులు చూశాక, రెండో ప్రపంచ యుద్ధం ముడి ఊడి దారిలో ఎక్కడో రాలిపోయిందని ఇంట్లో వాదించాను. నాన్న నమ్మలేదు.

2012లో ఉమ్మడి రాష్ట్రంలో మార్కులు పోయి గ్రేడ్లొచ్చాయి. పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికట. 95 వచ్చినా 100 వచ్చినా పదికి పదే కాబట్టి వీధిలో కొన్నాళ్లు శాంతి నెలకొంది. తర్వాత మా పిన్ని దశాంశ బిందువును కనిపెట్టింది. "మా మనవడికి తొమ్మిది పాయింట్ ఎనిమిది. మరి మీవాడికో?"

కరోనా పుణ్యమా అని 2020, 2021లో పరీక్షల్లేకుండానే అందరూ పాసయ్యారు. తర్వాత తెలంగాణలో 11 పేపర్లు ఆరయ్యాయి. ఆంధ్రాలో ఒక ఏడాది ఏడు, మరుసటి ఏడాది ఆరు. చివరికి ఆంధ్రాలో 2022లో, తెలంగాణలో 2025లో మార్కులే తిరిగొచ్చాయి. ర్యాంకుల ప్రకటనలు వేస్తే జైలేనని ఆంధ్రాలో ఉత్తర్వులు కూడా ఇచ్చారు. పిన్ని ప్రకటన వెయ్యదు, ఫోన్ చేస్తుంది. ఆ జీవో ఆవిడకు వర్తించదు.

నన్నడిగితే ఇన్ని మార్పుల్లోనూ పనికొచ్చింది ఒక్కటే, జవాబులు రాయడానికి విడి షీట్ల బదులు ఇచ్చే 24 పేజీల బుక్‌లెట్. దారం లేదు, ముడి లేదు, గంట కాకముందే వెనక బెంచీ కేక అసలే లేదు. మా తమ్ముడి కూతురికి ఈ దారం సంగతి చెబితే, "పరీక్షలో కుట్టుపని కూడా ఉండేదా పెదనాన్నా?" అంది.

విద్యాశాఖ వారికి ఒక మనవి. ఇంకేం మార్చినా మార్చకపోయినా, ఫలితాలొచ్చిన రోజు సాయంత్రం దాకా చుట్టాలు ఫోన్ చెయ్యకూడదని ఒక జీవో ఇప్పించండి. అందులో మా పిన్ని పేరు రాయక్కర్లేదు, ఆవిడకు అర్థమవుతుంది.