మూడు పేటలు తిరిగిన రాయి

గన్నవరంలో విమానం ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా చెన్నైలో ఉంటారు. దిగి లాయిడ్స్ రోడ్డుకు ఆటో మాట్లాడుకోండి. యూదుల శ్మశానం అన్నారో, ఆటో అబ్బాయి మీ మొహంకేసి చూస్తాడు. పట్టుమని ముప్పై సమాధులైనా లేని చోటు మరి! అందులో ఒక సమాధిరాయిని నేను.

నన్ను చెక్కినవాడికి హీబ్రూ రాదు. కాగితం మీద గీసిచ్చింది చూసి, కుడి నుంచి ఎడమకు ఒక్కో అక్షరాన్నీ బొమ్మ దించినట్టు దించాడు. రెండో వరసలో ఉలి జారి ఒక అక్షరం కొమ్ము విరిగింది. ఆ గంటు ఇప్పుడు వేలితో తడిమితేగానీ తెలియదు.

నా కింద పడుకున్నవాళ్లు ఇంత దూరం వచ్చింది మీ రాళ్ల కోసమే. కృష్ణ వెంట కొల్లూరు, పరిటాల. మీ గన్నవరానికి ఇంకా దగ్గర మల్లవల్లి, గొల్లపల్లి. గోల్కొండ వజ్రాలని పేరు కోట కొట్టేసిందిగానీ, తవ్వింది ఈ పల్లెల్లో. లండన్ నుంచి, ఇటలీలోని లివోర్నో నుంచి యూదు వర్తకులు ఓడల్లో పగడాలు తెచ్చి, వజ్రాలు పట్టుకెళ్లేవారు. పగడాల వర్తకుల పేరుతో చెన్నైలో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది. మీ అమ్మమ్మ నల్లపూసల మధ్య గుచ్చుకున్న పగడం ఏ సముద్రంలోదో ఎప్పుడైనా అడిగారా?

వాళ్లలో జాక్వెస్ డి పైవా అనే ఆయన గోల్కొండ గనుల దాకా వెళ్లాడు. జబ్బుపడి తిరిగొచ్చి 1687లో పోయాడు. గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కిందీ ఆ ఏడే. ఆయన్ని పెద్దనాయకునిపేటలో, ఇప్పటి మింట్ స్ట్రీట్ దగ్గర పూడ్చారు. ఆయన భార్య తర్వాత గవర్నర్ ఎలిహు యేల్ పంచన చేరింది. ఊరంతా గుసగుసలు! అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయానికి ఉన్నది ఆ యేల్ పేరే. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్‌మన్లలో ముగ్గురు యూదులు. ఆ దర్జా ఎన్నాళ్లో నిలవలేదు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి, ఇక్కడి బేరం పడిపోయింది, మావాళ్లూ పల్చబడ్డారు.

పూడ్చినవాళ్లను కదపకూడదన్నది యూదుల ధర్మం. అడిగేవాళ్లు లేని చోట ధర్మం ఎవడికి గుర్తుంటుంది? 1968లో మేమున్న స్థలం వేరే పనికి కావాల్సొచ్చి మమ్మల్ని కాశిమేడుకు మోశారు. అక్కడా నిలవనివ్వలేదు. 1983లో మళ్లీ తాళ్లు కట్టి లాయిడ్స్ రోడ్డుకు తెచ్చారు. బతికున్నవాళ్లకే ఇల్లు ఖాళీ చేయమంటే కోపమొస్తుంది. మేమెవరితో చెప్పుకోవాలి?

కొల్లూరు పులిచింతల నీళ్ల కింద మునిగింది. మల్లవల్లిలో ఇప్పుడు బస్సులు తయారవుతున్నాయి. మీ నేలలో వజ్రాలు తవ్వారన్నదానికి పక్క రాష్ట్రంలో మిగిలిన సాక్షుల్లో నేనొకణ్ణి. కోహినూర్ తెచ్చేయాలని గొంతు చించుకునేవాళ్లలో ఒక్కరూ నా గురించి అడగరు. నన్ను తేనక్కర్లేదు, చూసిపోతే చాలు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనే ఎఫ్రాయిమ్ అంటారు. 1990ల మొదట్లోనే సొంత ప్రార్థన మందిరం కట్టుకున్నారు. వాళ్లలో హీబ్రూ నేర్చినవాళ్లెవరినైనా వెంటబెట్టుకుని రండి, అరిగిన నా అక్షరాలు మీకు తెలుగులో చదివి చెబుతారు. పూలదండలు వద్దు, మాలో ఆ అలవాటు లేదు. సమాధి మీద చిన్న రాయి పెడతారు. కృష్ణ ఒడ్డున ఏరిన గులకరాయి ఒకటి జేబులో వేసుకు రండి. శనివారం మాత్రం రావద్దు, అది మా విశ్రాంతి దినం.