వేపపువ్వు కోసం

విశాఖపట్నంలో మా వీధి మొదట్లో ఒక వేపచెట్టు ఉండేది. 1978లో మాస్టారు ఇల్లు కట్టుకున్న ఏడు, ముందు గోడకి పది అడుగుల దూరంలో నాటారు. ఆయన పోయేనాటికి అది డాబా దాటి నలభై అడుగులు ఎదిగింది. ఇల్లు ఉత్తరం ముఖం. చెట్టు ఇంటికీ వీధికీ మధ్యన.

మే నెలలో కరెంటు పోతే వీధిలో ఆడవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని ఆ నీడలో చేరేవారు. ఇస్త్రీ బండి అక్కడే ఆగేది. మాస్టారి భార్యని వీధంతా మామ్మగారనే పిలిచేది. కొడుకు ముందు గదిలో ఏసీ పెడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. ‘చెట్టుండగా ఎందుకురా’ అన్నారు. బియ్యం డబ్బాల్లోకి ఎండిన ఆకు, ఆటలమ్మ పోసిన పిల్లలకి పచ్చి రెమ్మ, ఉగాదికి పువ్వు, అందరికీ అక్కణ్ణుంచే. ఉగాది ముందురోజు సాయంత్రం ఆవిడ చెట్టు కింద రాలిన పువ్వు ఏరి, చేటలో చెరిగి, ఇంటింటికీ గుప్పెడు పంచేవారు.

కొడుకు బ్యాంకు ఉద్యోగి. 2013లో బదిలీ మీద సొంత ఊరికి వచ్చాడు. ఆ అక్టోబరులోనే ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. విశాఖకి తగిలింది దాని అంచే. ఆ గాలికే ఒక ఎండుకొమ్మ విరిగి పిట్టగోడ మీద పడింది. ఆ రోజు నుంచి అతనికి చెట్టు తప్ప వేరే ఆలోచన లేదు. ముందు గోడలో బీట కనిపించింది. వేళ్ళు పునాదిలోకి వచ్చేశాయన్నాడు మేస్త్రీ.

అటవీశాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. పిలిస్తే వచ్చి చూశారు. బీట దగ్గర మట్టి తవ్వించి, కారుతున్న నీళ్ళ గొట్టం చూపించారు. ఎండుకొమ్మలు తీయించమన్నారు. గుబురు కాస్త పలచన చేస్తే గాలి దూరిపోతుందన్నారు.

‘వేళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు బాబూ. లావు వేళ్ళన్నీ రెండు మూడడుగుల లోపే ఉంటాయి. గాలి ఎటు నుంచి వస్తే అటువైపు వేళ్ళే చెట్టుని పట్టి ఉంచుతాయి, గుడారానికి తాళ్ళలాగ. ఒక పక్క తాళ్ళు తెగితే గుడారం నిలబడదు’ అన్నారు.

గొట్టం బాగు చేయించారు. కొమ్మలు తీయించారు. అయినా కొడుక్కి కుదురు లేదు. వాల్టా చట్టం కింద దరఖాస్తు పెట్టి, అనుమతి తెచ్చుకుని కొట్టించేద్దామన్నాడు. మామ్మగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

‘మీ నాన్న పెట్టిన చెట్టురా. నేనుండగా దాని మాను మీద గొడ్డలి పడకూడదు’ అన్నారు.

‘సరేనమ్మా. మాను మీద గొడ్డలి పడనివ్వను’ అని మాటిచ్చాడు.

2014 మార్చిలో మామ్మగారు రాజమండ్రిలో కూతురింటికి వెళ్ళారు. ఇరవై రోజులుండి, ఉగాదికి నాలుగు రోజుల ముందు తిరిగి వచ్చారు. గేటు తీసి లోపలికి వస్తూనే ఆగిపోయారు. చెట్టుకీ గోడకీ మధ్య ఇంటి పొడవునా కొత్త సిమెంటు గచ్చు. నాలుగడుగుల వెడల్పు. అద్దంలా నున్నగా ఉంది.

‘మోకాళ్ళ నొప్పులతో మట్టిలో వంగి పువ్వేం ఏరతావమ్మా. ఇప్పుడైతే రాలింది రాలినట్టు చీపురుతో ఊడ్చుకోవచ్చు’ అన్నాడు కొడుకు.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడు ప్రతి ఇంటికీ పువ్వు తనే స్వయంగా పట్టుకెళ్ళారు. మా ఇంటికీ వచ్చారు. పొట్లం చేతిలో పెడుతూ, ‘ఇసుక లేకుండా ఎంత శుభ్రంగా ఉందో చూడమ్మా. మావాడు నా పువ్వు కోసం గచ్చు చేయించాడు’ అన్నారు.

అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను వచ్చింది.

పొద్దుటి నుంచీ ఉత్తరపు గాలి. తీరం దాటేవేళకి వేగం గంటకి 180 కిలోమీటర్లు. కిటికీ అద్దాలు పగిలాయి. నీళ్ళ ట్యాంకులు ఎగిరిపోయాయి. వేపచెట్టు ఇంటి మీదికి వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. కొమ్మలు డాబాని రాసుకుంటున్నాయి. కొడుకు భార్యాపిల్లల్నీ తల్లినీ వెనక గదిలోకి చేర్చి తలుపేశాడు. చెట్టు పడలేదు.

మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుపాను కన్ను ఊరి మీద ఉంది. అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు. మామ్మగారు వచ్చి మాను మీద చెయ్యేసి నిలబడ్డారు. అటవీశాఖ పెద్దాయన గేటు దగ్గర్నుంచి కేకేశారు. ‘లోపలికి వెళ్ళండి. ఇది సగమే. ఇప్పుడు దక్షిణం నుంచి కొడుతుంది.’

కొట్టింది. పది నిమిషాలు కాకుండానే చెట్టు వీధిలోకి ఒరిగిపోయింది. గేటు, ప్రహరీ, కరెంటు స్తంభం దాని కింద పడ్డాయి. ఇంటికి ఏమీ కాలేదు.

మర్నాడు వీధంతా అక్కడే ఉంది. కుర్రాడు ముందే చెప్పాడన్నారు. అంత చెట్టు ఇంటి ముందు ఉంచుకోవడం తప్పేనన్నారు. రెండిళ్ళవాళ్ళు తమ చెట్లు కూడా కొట్టించడానికి మనుషుల్ని మాట్లాడుకున్నారు. మామ్మగారు అందరి ముందూ కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

‘నీ మాట వినలేదురా. పిల్లల మీద పడుంటే నేనేమైపోయేదాన్ని. తప్పు నాదే’ అన్నారు.

కొడుకు తలవంచుకుని ఊరుకున్నాడు.

వీధికి వారం వరకూ కరెంటు రాలేదు. నాలుగో రోజున రంపాలతో కూలీలు వచ్చారు. కొమ్మలు కోశారు, మాను ముక్కలు చేశారు. పైకి లేచిన మోడు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళలో పెద్దవాడు పని ఆపాడు. మామ్మగారు అరుగు దిగి వెళ్ళారు.

వీధివైపు వేళ్ళు ఇంకా భూమిలోనే ఉన్నాయి. మెలి తిరిగాయి, పీచు పీచుగా చీలాయి, కానీ పూర్తిగా తెగలేదు. ఇంటివైపు వేళ్ళు ఆరు. ఒక్కొక్కటీ ముంజేయంత లావు. ఆరూ ఒకే గీత మీద తెగి ఉన్నాయి. చివర్లు చదునుగా ఉన్నాయి. తెగినచోట నల్లబడి ఎండిపోయింది.

‘ఇవి గాలికి తెగినవి కావమ్మా. రంపం కోత. ఆరేడు నెలలై ఉంటాది’ అన్నాడు కూలీ.

మామ్మగారు వంగి ఒక వేరు చివర తడిమి చూశారు. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది, సరిగ్గా గచ్చు అంచు దాకా. గచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కడా ఒక్క బీట లేదు.

ఆవిడ గచ్చు వైపు చూశారు. తరవాత గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూశారు.

‘నా పువ్వు కోసమన్నావు కదరా’ అన్నారు.