ముందు కొత్త ల్యాప్‌టాప్ ఆలోచన మానండి

ఇంటి నుంచి పనిచేసుకోమని కంపెనీ చెప్పగానే మన నల్లమాడ పిల్లలు కదిరికో బెంగళూరుకో పోయి అరవై డెబ్బై వేలు పోసి ల్యాప్‌టాప్ తెస్తారు. వద్దు. ఇంట్లో మూలన పడున్న పాతదాన్ని దులిపి లైనక్స్ ఎక్కించండి. ఆఫీసు విండోస్ కంప్యూటర్‌ను ఆర్‌డీపీతో, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో, దూరం నుంచి వాడేటప్పుడు బరువు పనంతా అక్కడే జరుగుతుంది. మన దగ్గరికి వచ్చేది తెర బొమ్మ, మన దగ్గర్నుంచి పోయేది మీటల నొక్కుళ్లు, మౌస్ కదలికలు. దానికి 4 జీబీ ర్యామ్, డెబియన్, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, దూరపు కంప్యూటర్‌ను కలిపే రెమ్మినా ప్రోగ్రామ్ సరిపోతాయి. ఇంట్లో కంప్యూటర్ ఎంత తక్కువ పనిచేస్తే మీ ఉద్యోగం అంత నిలకడగా సాగుతుంది.

మిగిలిన డబ్బులో కొంత రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనడానికి పెట్టండి. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసి, అదే ఇచ్చేది తీసుకోండి. గాలివానకు కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది, రౌటర్ మాత్రం ఆరిపోతుంది. ఈ సంగతి మీటింగ్ మధ్యలో గుర్తొస్తే ఏం లాభం?

నెట్ ప్లాన్ కూడా పెంచకండి. ఇది చెబితే నాకు తెలియదనుకుంటారు, అయినా చెబుతాను. మౌస్ నొక్కాక తెర కదలడానికి ఆలస్యమవుతోందంటే చాలాసార్లు కారణం వేగం కాదు, దూరం. మీ ఆఫీసు కంప్యూటర్ అమెరికాలో డల్లాస్‌లో ఉందనుకోండి. ఇక్కడికి 14 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ కనీసం 140 మిల్లీసెకన్లు. ఏ కంపెనీ ప్లానూ దాన్ని తగ్గించలేదు. మీ చేతిలో ఉన్నది బొమ్మను చిన్నది చేయడం. 1920 బై 1080 తెరను 32 బిట్ల రంగుతో కుదించకుండా పంపితే ఒక్క బొమ్మ 8.3 మెగాబైట్లు. 1366 బై 768కి, 16 బిట్లకు దించితే 2.1 మెగాబైట్లు. నిజానికి ఆర్‌డీపీ బొమ్మను కుదించే పంపుతుంది, కానీ మూలం చిన్నదైతే పంపేదీ తగ్గుతుంది. రెమ్మినాలో రంగుల ఎంపిక దగ్గర ఏవీసీ అని కనబడితే ముందు దాంతో చూడండి, కుదరకపోతే 16 బిట్లు. వాల్‌పేపర్, విండోల యానిమేషన్ తీసేయండి. సన్నటి లైను మీద ఇవన్నీ మోయిస్తే ఇంచు నీళ్లు పడే బోరు కింద వరి నాటినట్టే, అదెలా ఉంటుందో మన తావులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కరెంటు పోయేలా ఉందని హడావిడిగా లాగౌట్ అవుతారు చూశారా, అదీ వద్దు. తెగిపోనివ్వండి. ఆర్‌డీపీలో తెగిపోవడం వేరు, లాగౌట్ వేరు. లాగౌట్ అయితే తెరిచిన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి. లైను తెగితే ఆఫీసు కంప్యూటర్‌లో మీ పని మీరు వదిలిన చోటే ఉంటుంది. మళ్లీ కలిస్తే సగం రాసిన ఎక్సెల్ గడిలోనే కర్సర్ కొట్టుకుంటూ కనబడుతుంది. తెగిన సెషన్‌ను ఎంతసేపు ఉంచాలో మీ ఐటీవాళ్లు నిర్ణయిస్తారు, ఆ గడువు ముందే అడిగి పెట్టుకోండి. అవతల ఉన్నది లైనక్స్ సర్వరైతే ఎస్ఎస్‌హెచ్‌లో చేరిన వెంటనే టీమక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి అందులోనే పనిచేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినా మీ పని అక్కడ సాగుతూనే ఉంటుంది.

తెలుగులో టైపు చేయాలంటే ఇంటి కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోకండి. ఆర్‌డీపీ మామూలుగా పంపేది అక్షరాన్ని కాదు, ఏ మీట నొక్కారన్న సమాచారాన్ని. కాబట్టి ఇక్కడ ఇంగ్లీషు ఉంచి, ఆఫీసు విండోస్‌లోనే తెలుగు పెట్టించుకోండి.

ఇక అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, దాని మీద నాకు నిజంగా కోపం. ‘ఏముందన్నా, ఆఫీసు రౌటర్‌లో ఆర్‌డీపీకి 3389 పోర్టు తెరిచేస్తే సరి. భయమైతే నంబరు మార్చు’ అంటారు. నంబరు మార్చినా దొంగదారి వెతికేవాడి ప్రోగ్రామ్ అన్ని పోర్టులనూ తడిమి చూస్తుంది. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్ యంత్రాల్లోకి ఆర్‌డీపీ దారిన దూరగలిగే లోపమది. 2014లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. కంపెనీ ఇచ్చిన వీపీఎన్ గుండానో, ఆర్‌డీ గేట్‌వే గుండానో, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ గుండానో పోండి. రెండు అడుగులు ఎక్కువైనా పర్వాలేదు. కరువుకు ఏటా కూలికి బెంగళూరుకు, కేరళకు బస్సెక్కిన తావు మనది. నల్లమాడలో అమ్మానాన్నల దగ్గర కూర్చుని జీతం తెచ్చుకునే వీలు దొరికినప్పుడు, ఒక పోర్టు కోసం దాన్ని పోగొట్టుకోవద్దు.

మొదటిసారి కలిసేటప్పుడు రెమ్మినా సర్టిఫికెట్ చూపించి, నమ్మమంటారా అని అడుగుతుంది. అందరూ ‘అవును’ నొక్కేస్తారు. మీరు ‘కాదు’ నొక్కి ఐటీవాళ్లకు ఫోన్ చేయండి. ‘సార్, నాకు కనబడే ఫింగర్‌ప్రింట్ చదువుతాను, మీ దగ్గరున్నదాంతో సరిచూడండి’ అనండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. చివరి అక్షరం దాకా సరిపోయాకే ‘అవును’ నొక్కండి.