గీకితే రెండు శాతం

అయ్యా షావుకారుగారూ, ముందుగా తమ షోరూముకు నమస్కారం. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పొడుగునా లేచిన అద్దాల మేడలు చూస్తే మా బెజవాడ ఎంతటిదైందో అని ఛాతీ పొంగుతుంది. తలుపు తీసి పట్టుకునే కుర్రాడు, లోపల చలి పుట్టించే ఏసీ, కూర్చోగానే కూల్‌డ్రింకు, పిల్లాడి చేతికో బెలూను. ఒక చీర నచ్చలేదంటే విసుక్కోకుండా ఇంకో బీరువా ఖాళీ చేసి పరిచే ఓపిక. "కొనకపోయినా పర్లేదు, చూడండమ్మా" అనే పెద్దమనసు. అన్నీ ఉచితమే, కార్డు బయటికి తీయనంత వరకు.

కార్డు కనబడిందా, క్యాషు కౌంటర్లో మొహాల రంగు మారిపోతుంది. అంతసేపూ అమ్మా, అక్కా అన్న నోరే "కార్డైతే టూ పర్సెంట్ ఎక్స్‌ట్రా పడుద్దండీ" అంటుంది. ఎందుకయ్యా అంటే, "బ్యాంకోళ్లు కోసేసుకుంటారండి, అందులో మాకొచ్చేదేం లేదు". ఈ "మాకొచ్చేదేం లేదు" దగ్గర కాసేపు కూర్చుందాం, తమ సోఫాలోనే.

నలభై వేలకు పట్టుచీరలు కొని డెబిట్ కార్డు ఇచ్చామనుకోండి. తమరు 800 కలుపుతారు. డెబిట్ కార్డు మీద వ్యాపారి దగ్గర బ్యాంకు ఎంత పుచ్చుకోవచ్చో రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి 1 నుంచే గిరి గీసిపెట్టింది. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటిన షాపుకైతే 0.90 శాతం, అదీ బిల్లు ఎంత పెద్దదైనా 1,000 రూపాయలు మించకుండా. నలభై వేలకు 360. దాని మీద 18 శాతం జీఎస్టీ వేసుకున్నా 424 రూపాయల 80 పైసలు. ఆ జీఎస్టీని కూడా తమ ఆడిటరుగారు ఇన్‌పుట్ క్రెడిట్ కింద రాబట్టకుండా ఊరుకునే రకం కాదు. పెళ్లి నగలకు రెండు లక్షలు గీకామా, తమరు నాలుగు వేలు అడుగుతారు; బ్యాంకు వెయ్యి, పైన జీఎస్టీ దగ్గర ఆగిపోతుంది. ఇక రూపే డెబిట్ కార్డైతే 2020 జనవరి 1 నుంచి వ్యాపారి కట్టాల్సింది సున్నా. సున్నా ఖర్చుకు రెండు శాతం రాబట్టే లెక్క పావులూరి మల్లన గణితంలో కూడా ఉండి ఉండదు. చీరల్లో లాభం తగ్గిపోయిందని వాపోతుంటారు గానీ, తమకిది చీర కంటే మంచి బేరం. స్టాకు పెట్టక్కర్లేదు, మడత పెట్టక్కర్లేదు, ఆషాఢం సేలులో తగ్గించక్కర్లేదు.

పైవాళ్లకు ఈ సంగతి తెలియదనుకునేరు. డెబిట్ కార్డు మీద కొనేవాళ్ల దగ్గర ఇలా శాతాలు గుంజడం సమంజసం కాదనీ, బ్యాంకుతో షాపు చేసుకున్న ఒప్పందానికే అది విరుద్ధమనీ, అలాంటి షాపులతో తెగతెంపులు చేసుకోవాలనీ 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ పంపింది. మన ఊళ్లో ఏ బ్యాంకైనా ఏ షాపు నుంచైనా ఈ కారణంతో మిషను ఊడబెరుక్కుపోయిందా? పోయి ఉంటే ఆ మేనేజరుగారికి తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సన్మానం చేద్దాం, శాలువా ఖర్చు నాది. కార్డు మీద కొంటానులెండి.

క్రెడిట్ కార్డు సంగతి వేరే, కాదనను. దాని రేటుకు రిజర్వ్ బ్యాంకు పగ్గం వేయలేదు. అది బ్యాంకుకీ తమకీ మధ్య బేరం. రెండు శాతం నిజంగానే పోతుందేమో. పోనీండి. షాపు అద్దె మమ్మల్ని విడిగా అడిగారా? ప్రారంభోత్సవానికి సినిమాతారను దింపి, ట్రాఫిక్ ఆపి, రిబ్బను కత్తిరించిన ఖర్చు? నాలుగు రోడ్ల కూడలిలో హోర్డింగు మీద ఆవిడే నవ్వుతున్న ఖర్చు? అన్నీ సరుకు ధరలో కలిశాయి, కిక్కురుమనకుండా కట్టాం. నగల షాపులో తరుగంటూ మా మెళ్లోకి రాని బంగారానికి కూడా డబ్బు లెక్కగడితే తలూపాం. ఇన్నిటిని మింగిన ధర ఒక్క కార్డు ఖర్చు దగ్గర గొంతు పట్టేసిందంటే, భోజనం టికెట్టు కొనుక్కుని పంక్తిలో కూర్చున్నాక అరిటాకుకు వేరే డబ్బులడిగినట్టుంది.

కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల చిన్న కొట్లవాళ్లను నేనీ లెక్కలో వేయను. రూపాయికి రెండు మూడు పైసలు మిగిలే సరుకమ్మేవాడు క్రెడిట్ కార్డు చూసి గుటకలు మింగితే అర్థం ఉంది. అతగాడు అసలు మిషనే పెట్టుకోడు. "ఫోన్‌పే కొట్టు బాబాయ్" అని అట్టముక్క చూపిస్తాడు, వ్యవహారం అక్కడితో సరి. మిషను పెట్టి, గుమ్మం మీద కార్డుల బొమ్మలన్నీ వరసగా అంటించి, తీరా కార్డు తీస్తే జరిమానా వేసే విద్య పెద్దలదే.

ఈ తతంగం జరిగేది ఏ రోడ్డు మీదో చూడండి. మహాత్మా గాంధీ రోడ్డని బోర్డు మీద ఉన్నా ఊరందరికీ అది బందరు రోడ్డే. ఆ రోడ్డు చివర ఉన్న బందర్లోనే 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ బ్యాంకే 1981లో, దేశంలో చాలా బ్యాంకులకు ఆ మాటే తెలియని రోజుల్లో, క్రెడిట్ కార్డు తెచ్చింది. కార్డంటే ఏమిటో దేశానికి చూపించిన తొలి బ్యాంకుల్లో ఒకటి మన కృష్ణా జిల్లా బిడ్డ. ఇప్పుడా బ్యాంకు లేదు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు (తేదీ నేను పెట్టింది కాదు). ఉండుంటే, పుట్టినూరి రోడ్డు మీదే తన కార్డుకు రెండు శాతం శిస్తు కట్టి తలదించుకునేది.

ఇంకో ముచ్చట. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు చెల్లకుండా పోయాక, జనాన్ని డిజిటల్ చెల్లింపుల దారి పట్టించడమెలాగో చెప్పమని కేంద్రం ముఖ్యమంత్రులతో ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద మన చంద్రబాబునాయుడుగారే. 2017 జనవరిలో ఇచ్చిన మధ్యంతర నివేదికలో ఆ కమిటీ ఏమందీ? కార్డు చార్జీలు తగ్గించండి, బ్యాంకులో యాభై వేలూ ఆ పైన నగదు తీస్తే పన్ను వేయండి అంది. ఆ ముఖ్యమంత్రిగారి ఇల్లు అవతల ఒడ్డున ఉంటే, కృష్ణకు ఇవతల ఒడ్డున తమరు అదే సిఫారసును తలకిందులుగా అమలు చేశారు. నోట్లిస్తే తగ్గింపు, కార్డిస్తే పన్ను.

సర్కారువారు పత్తిత్తులనుకోకండి. బెజవాడ నుంచి మద్రాసుకు పినాకినిలో సీటు స్టేషన్లో క్యూ కట్టి కొంటే టికెట్టు ధరే. ఇంట్లో కూర్చుని, మన ఫోను, మన నెట్టు, మన వేళ్లతో టైపు చేసుకుని కొంటే ఐఆర్‌సీటీసీకి సదుపాయం రుసుము. 2019 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ మొదలెట్టారు: ఏసీ లేని తరగతికి కార్డైతే 15, యూపీఐ అయితే 10, ఏసీకి 30, 20, పైన జీఎస్టీ. గుమస్తా పని మనం చేసిపెట్టినందుకు గుమస్తా జీతం మన దగ్గరే వసూలు! తమరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో తెలుస్తూనే ఉంది. ఇక బ్యాంకులు. తమ దగ్గర కోసినదాంట్లోంచి చిటికెడు తీసి మాకు రివార్డు పాయింట్లంటూ చల్లుతాయి. ఆ పాయింట్ల మురిపెంతో మేం కార్డు తీస్తే తమరు రెండు శాతం లాగుతారు. అంటే మా పాయింట్లు మేమే కొనుక్కుంటున్నాం, రిటైల్ ధరకు.

అసలు సంగతి మనిద్దరికీ తెలుసు షావుకారుగారూ. తమ బాధ రెండు శాతం కాదు. కార్డు గీకితే జాడ ఉంటుంది. నోటు చేతులు మారితే ఉండదు. "బిల్లు కావాలా సార్? బిల్లైతే జీఎస్టీ పడుద్ది" అన్న ప్రశ్న నోట్ల కట్ట చూశాకే పుడుతుంది, కార్డు చూసి ఏనాడూ పుట్టదు. ఒకరి దగ్గర ఒక్కరోజు రెండు లక్షలూ ఆ పైన నగదు పుచ్చుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం అంటుంటే, ఒకే పెళ్లి నగలకు మావయ్య పేర ఒకటి, బాబాయి పేర ఒకటి బిల్లులు చీల్చే పనితనం తెలియనివాళ్లమా? రెండు శాతమనేది చార్జీ కాదు, మమ్మల్ని ఏటీఎం వైపు నెట్టే మోచేయి.

పాఠకులకు ఒక్క సంగతి. ఈసారి గీకినప్పుడు కౌంటర్లో ఇచ్చే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. షాపు బిల్లు మీద 40,000 ఉంటుంది. మిషను చీటీ మీద 40,800 ఉంటుంది. ఆ 800 అమ్మకంలో లేదు, పన్నులో లేదు, ఏ పద్దులోనూ లేదు. రెండు కాగితాలూ జాగ్రత్త చేసుకుని బ్యాంకుకు రాయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయొచ్చు. అంత దూరం కూడా అక్కర్లేదు. గీకకముందే, "ఆ ఎనిమిది వందలు కార్డు చార్జీ అని బిల్లులో రాసి, మీ షాపు ముద్ర వేసివ్వండి" అని మర్యాదగా అడగండి. కౌంటరు కుర్రాడు మేనేజరు వైపు చూస్తాడు. మేనేజరు గ్లాసు తలుపు వెనకున్న ఓనరు వైపు చూస్తాడు. ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే చెయ్యూపుతాడు.

"మీకు కాబట్టి వద్దులెండి సార్. మామూలుగానే గీకేయ్ రా."