వాసన రాని యాసిడ్ కావలెను

నార్సింగి నుంచి శంకర్‌పల్లి దాకా, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా విల్లా అన్నాక, ఫాంహౌస్ అన్నాక ఓ స్విమ్మింగ్ పూల్ ఉండి తీరాలి. అందులో ఈదేవాళ్లున్నారా లేదా అన్నది వేరే సంగతి. పూల్ ఉన్నాక దాని పీహెచ్ చూసుకోవడానికి ఓ యంత్రం కావాలి. గోడకు తగిలించిన డబ్బా, డబ్బా మీద నీలం తెర, తెర మీద ఓ అంకె. ఆ అంకె ఫోన్లోనూ కనిపిస్తుంది. యజమాని దుబాయిలో ఉన్నా 7.4 చూసుకుని మురిసిపోవచ్చు. ఆ డబ్బా కింది నుంచి వేలి లావు కూడా లేని గొట్టం ఒకటి డ్రమ్ములోకి దిగుతుంది. పీహెచ్ పెరిగినప్పుడల్లా చిన్న పంపు తిరిగి, డ్రమ్ములోంచి కాస్త యాసిడ్ లాగి నీళ్లలో కలుపుతుంది.

ఆ డ్రమ్ములో ఏ యాసిడ్ పోయాలి? యంత్రం కొనడానికి నెల రోజులు నలుగురిని వాకబు చేసిన పెద్దమనుషులు దీన్ని మాత్రం ఒక్క క్షణంలో తేల్చేస్తారు, ముక్కుతో. "వాసన రాకూడదండీ, అంతే." అమ్మేవాడికి కావలసిందీ అదే.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ సంగతి చూడండి. మన దగ్గర అది బాత్రూం యాసిడ్. టైల్స్ మీద మరకలకు పోసేది, మూత తీయగానే తెల్లటి పొగ చిమ్మేది. దాన్ని ఇటాలియన్ మార్బుల్ పరిచిన ఇంటి గేటు దాటనిస్తారా? "మేమిక్కడ అదే పోస్తాం బావా, గ్యాలన్ డబ్బాల్లో అమ్ముతారు" అని డల్లాస్ నుంచి బావమరిది ఫోన్లో మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. అక్కడ దాన్ని మ్యూరియాటిక్ యాసిడ్ అంటారు కాబట్టి అదేదో దొరల సరుకై ఉంటుందని ఊరుకుంటారు.

బాత్రూం యాసిడ్‌ను గేటు బయటే ఆపేశాక లోపలికొచ్చేది "పీహెచ్ మైనస్". పేరులో యాసిడ్ లేదు, వాసన లేదు, డబ్బా మీద నీలి అలలు, నవ్వే పసిపాప. వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదివే ఓపిక ఉంటే, చాలా డబ్బాల్లో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్ అని తెలుస్తుంది. అంటే కారు బ్యాటరీలో ఉండేదే. పొడి రూపంలో వస్తే సోడియం బైసల్ఫేట్, అదీ ఆ వంశమే. బాత్రూంలోకి పోయేది పనికిరాదన్న ఇంట్లోకి బ్యాటరీలోది ఊరేగింపుగా వచ్చేసింది.

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ భరించాలి. పీహెచ్ అనే కొలత 1909లో కోపెన్‌హాగెన్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన ఆ కొలమానం చూసేది హైడ్రోజన్ అయాన్లను మాత్రమే. మీ గోడ మీది డబ్బా కూడా అంతే. డ్రమ్ములో ఏ యాసిడ్ ఉన్నా దానికి ఒకటే, 7.4 వస్తే చాలు. పని చేసేది హైడ్రోజన్. పని కాగానే అది నీళ్లలో కలిసిపోతుంది. దాని వెంట వచ్చినది మాత్రం, పెళ్లి అయిపోయినా కదలని తోడుపెళ్లికొడుకులా, మీ కొలనులోనే తిష్ఠ వేస్తుంది. హైడ్రోక్లోరిక్ వెంట వచ్చేది క్లోరైడ్, సల్ఫ్యూరిక్ వెంట వచ్చేది సల్ఫేట్. యాసిడ్‌ను ఎంచుకోవడమంటే ఈ వెంట వచ్చేదాన్ని ఎంచుకోవడమే. దానికి వాసన లేదు, కాబట్టి ముక్కుకు దొరకదు.

లెక్క వేద్దాం. యాభై వేల లీటర్ల కొలను. వేసవిలో రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైతే వారానికి పదహారు వందల లీటర్లు బోరు నుంచి నింపాలి. మన బోరు నీళ్లలో ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ను మింగేసే క్షారగుణం, లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉందనుకోండి, ఇది మన రాతి నేలల్లో వింతేమీ కాదు. దాన్ని మాత్రమే విరగ్గొట్టడానికి వారానికి దాదాపు ఒక లీటరు యాసిడ్ కావాలి. బజారులో దొరికే 32 శాతం హైడ్రోక్లోరిక్ అయినా ఒక లీటరే, బ్యాటరీ గాఢతలో ఉండే సల్ఫ్యూరిక్ అయినా ఒక లీటరే. హైడ్రోక్లోరిక్ పోస్తే వారానికి లీటరుకు ఏడు మిల్లీగ్రాముల క్లోరైడ్ చేరుతుంది. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసుకునే కొలనులో అప్పటికే లీటరుకు మూడు నాలుగు వేల మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ ఏడూ అందులో ఎక్కడ కలిసిందో వెతికినా దొరకదు. సల్ఫ్యూరిక్ పోస్తే వారానికి తొమ్మిదిన్నర మిల్లీగ్రాముల సల్ఫేట్. ఇదే లెక్క ఏడాది సాగితే 500 దగ్గర. ఫిల్టర్ కడిగే బ్యాక్‌వాష్‌లో కొంత పోతుంది, వానలకు పొంగి కొంత పోతుంది. ఎండకు మాత్రం చుక్క కూడా పోదు, ఆవిరయ్యేది నీళ్లే.

సల్ఫేట్‌కు సిమెంటు అంటే మహా ఇష్టం. సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి ఉబ్బే స్ఫటికాలను కడుతుంది. ముందు టైల్స్ మధ్య గ్రౌట్ పిండిలా రాలుతుంది, తర్వాత టైలు కదులుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఐఎస్ 456 ప్రమాణం కాంక్రీటు కలిపే నీళ్లలో సల్ఫేట్ (ఎస్ఓ3 లెక్కలో) లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. ఈ విల్లా కట్టేటప్పుడు ఇదే యజమాని నీళ్లు ల్యాబుకు పంపి రిపోర్టు తెప్పించుకున్నాడు. కలిపే నీటి హద్దును నిల్వ నీటికి పెట్టకూడదని ఇంజినీరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. నిజమే. కలిపే నీళ్లతో పని ఒక్క పూటది. ఇవి అదే సిమెంటును ఏళ్ల తరబడి నానబెట్టే నీళ్లు.

వాసన భయం ఉత్తుత్తిది కాదు, ఒప్పుకుంటాను. 32 శాతం హైడ్రోక్లోరిక్ డ్రమ్మును మూత లేకుండా పంపు రూంలో పెడితే ఆరు నెలల్లో మోటరు తుప్పు పడుతుంది, స్విచ్‌బోర్డులో రాగి పచ్చబడుతుంది, స్టీలు నిచ్చెనకు మచ్చలొస్తాయి. దానికి మందు చవకే. సగం నీళ్లు ముందు పోసి, వాటిలోకి సగం యాసిడ్ మెల్లగా పోయాలి. నీళ్లను యాసిడ్‌లో పోయడం ఎప్పుడూ కూడదు. గాఢత సగానికి దిగితే పొగ దాదాపు మాయమవుతుంది. డ్రమ్ముకు బిగుతైన మూత, బయటికి గొట్టం, వీలైతే పంపు రూం అవతలే ఓ నీడ. పలచబడ్డ యాసిడ్‌తో డోసింగ్ పంపు కూడా కొలత తప్పదు. పైగా ఘాటు ఓ కాపలాదారు. కారితే వాచ్‌మన్‌కు వెంటనే తెలుస్తుంది. సల్ఫ్యూరిక్ చుక్క నేల మీద పడితే నీరు ఆవిరై యాసిడ్ చిక్కబడుతూ చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. తెలిసేది ఎవరి కాలో దాని మీద పడ్డాకే.

ఇంకా సున్నితమైన ముక్కులకు "ఆర్గానిక్" ఉంది. నిమ్మ ఉప్పు, వెనిగర్, "నాచురల్ పీహెచ్ బ్యాలెన్సర్". సిట్రిక్ యాసిడ్ కొలనులోకి వెళ్లాక క్లోరిన్ ముందు దాన్నే తింటుంది. క్లోరిన్ తగ్గిందని యంత్రం ఇంకాస్త క్లోరిన్ పోస్తుంది, దాన్నీ సిట్రిక్ మింగేస్తుంది. ఫాస్ఫారిక్ పోసేవాళ్లూ ఉన్నారు. నాచుకు ఎరువు వేయాలన్న సదుద్దేశం ఉంటే అంతకన్నా మంచిది లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టుకునేవాళ్ల దర్జా వేరు. ఆ గ్యాసు పీహెచ్‌ను దించుతుంది గానీ ఆల్కలినిటీని ముట్టుకోదు. మన బోరు నీళ్లతో ఆల్కలినిటీ వారం వారం పెరుగుతూ పోతుంది, సిలిండర్లూ దాని వెంటే.

అసలు పీహెచ్ పెరుగుతున్నది ఎందుకని ఒక్కరూ అడగరు. కొలను చివర గ్రానైట్ గోడ, గోడ మీద బుద్ధుడి తల, తల వెనక నుంచి జలపాతం, జలపాతానికి రంగుల లైట్లు. ఆ నీళ్లు కిందపడ్డ ప్రతిసారీ వాటిలోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. సాల్ట్ క్లోరినేటర్ బుడగలు చేసేదీ అదే పని. రాత్రంతా బుద్ధుడు యాసిడ్ తాగిస్తూనే ఉంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? జలపాతాన్ని అతిథులు వచ్చినప్పుడే తిప్పి, ఆల్కలినిటీని 60, 80 మధ్యకు దించి ఉంచితే డ్రమ్ము చాలా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. "మాకు సాఫ్టెనర్ ఉంది కదా" అంటారు. సాఫ్టెనర్ పట్టుకునేది కాల్షియాన్ని. ఆల్కలినిటీని దండం పెట్టి లోపలికి పంపిస్తుంది.

ఇక గోడ మీది 7.4. ఆ అంకెను చెప్పేది గాజు ప్రోబ్. దాన్ని బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూడాలి, ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. గాజు పగిలిన ప్రోబ్‌కు ఓ వింత అలవాటుంది. నీళ్లు ఎలా ఉన్నా 7 దగ్గరే చూపిస్తుంది. అద్భుతం, నీళ్లు స్థిరంగా ఉన్నాయని యజమాని ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతాడు. యంత్రం యాసిడ్ పోయడం మానేసి చాలా రోజులైంది. పది రూపాయల చుక్కల పరీక్షతో వాచ్‌మన్ చెప్పగలిగేది, యాప్ చెప్పదు.

పేరు దాచిన డబ్బాల మీద ఇంకో మాట. యాసిడ్ అమ్మేవాడు కొనేవాడి పేరు, చిరునామా, అవసరం రిజిస్టర్‌లో రాసుకోవాలని, గుర్తింపు కార్డు చూడాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. దాని వెనక ఎందరు ఆడపిల్లల కన్నీళ్లున్నాయో అందరికీ తెలుసు. నీలి అలల డబ్బాను డ్రైవర్ చేత తెప్పించుకునే చోట ఆ రిజిస్టర్‌లో ఏం రాస్తున్నట్టు? "పీహెచ్ మైనస్, ఒకటి"?

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం డ్రమ్ములో లేదు, ప్లగ్గులో ఉంది. చాలా ఇళ్లలో డోసింగ్ డబ్బా ఇన్వర్టర్ మీద ఉంటుంది, పెద్ద మోటరు మామూలు లైన్ మీద. కరెంటు పోగానే మోటరు ఆగుతుంది, నీళ్లు నిలిచిపోతాయి. నీళ్లు పారుతున్నాయో లేదో చూసే ఫ్లో స్విచ్ లేని డోసింగ్ పంపుకు ఆ సంగతి తెలియదు. ఇన్వర్టర్ మీద నడుస్తూ అదే గొట్టంలోకి యాసిడ్ పోస్తూనే ఉంటుంది. పక్కనే క్లోరిన్ ద్రావణం పోసే పంపు కూడా నడిస్తే, రెండూ గొట్టంలో కలిసి క్లోరిన్ గ్యాసు పుడుతుంది. కరెంటు వచ్చి మోటరు తిరగ్గానే అదంతా ఒక్కసారిగా కొలనులోకి, ఈత కొడుతున్న పిల్లల ముఖాల మీదికి వస్తుంది. పబ్లిక్ పూళ్లలో ఇలా జరిగిన ఘటనలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పదే పదే నమోదు చేసింది. యాసిడ్, క్లోరిన్ డ్రమ్ములను పక్కపక్కనే పెట్టి, ఒకే మగ్గుతో రెండింటినీ నింపే ఇళ్లకైతే కరెంటు పోయేదాకా ఆగక్కర్లేదు.

కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను ఈ సాయంత్రమే పిలవండి. డోసింగ్ డబ్బాను ఇన్వర్టర్ నుంచి పీకి, మోటరు నడిస్తేనే అది నడిచేలా కలపమనండి, ఫ్లో స్విచ్ పెట్టమనండి. ఏ యాసిడ్ పోయాలన్నది రేపు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.